మామూలు నీళ్ళ సాలు

కొనకనమిట్ల,
12 జూన్ 2024

చిరంజీవి ఫెబీకి,

అవ్వ దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో సగం గాలికి పోయింది. మిగతా సగం పక్కన ఎవరితోనో మాట్లాడుకుంటూ చెప్పినావు. అందుకే పని సంగతులు ఏవైనా కాగితం మీద రాయమన్నాను. నోటితో అనేవాడు తరువాత కాదంటాడు. కాగితం మీద పెట్టేవాడు ఒకసారి ఆలోచిస్తాడు. ఇప్పుడు ఉత్తరం వచ్చింది, సంతోషం.

నా పెరట్లో రెండు సాళ్ళు కంది వేయాలి. ఒక సాలు మీద ఆమ్ల వర్షం లాంటి పుల్లనీళ్ళు, రెండో సాలు మీద మామూలు నీళ్ళు చల్లాలి. అద్దాల గదిలో పెంచిన మొక్కలు చాలవు, ఆరుబయట పెరిగినవి కావాలని నీ పరిశోధన చూసే ప్రకాశరావు సారు అన్నాడు. మన వైపు ఫ్యాక్టరీల పొగ లేదు కాబట్టి వాన శుభ్రంగా ఉంటుందని నువ్వు మా ఊరిని ఎంచుకున్నావు. నాకు అర్థమైంది ఇదీ. మన వైపు వాన శుభ్రమే. రావడమే కష్టం.

ఒప్పుకునే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. జవాబు వచ్చినాకనే గొర్రు దిగుతుంది.

ఆకు మీద ఆమ్లం పడితే మొక్క జన్యువులు మారతాయని రాసినావు. మారడమంటే ఏంది? కంది కంది కాకుండా పోతుందా? రేపు దాన్ని వండి నలుగురికి పెట్టవచ్చా?

రెండోది ముఖ్యమైనది. మొక్కకు ఓర్చుకోవడం నేర్పితే పొగ వదిలేవాడికి బుద్ధి ఎట్ల వస్తుంది? బడిలో ఒకడు పక్కవాణ్ణి గిల్లుతుంటే, గిల్లుడు ఓర్చుకొమ్మని నేను పక్కవాడికి ఎన్నడూ చెప్పలేదు.

మీ నాయనకు మార్కాపురం డిపోలో డ్యూటీ మార్చినారంట. ఆదివారం ఆరాధనకు రావడం కుదరడం లేదంటాడు. కుదరకపోవడం వేరు, లేవకపోవడం వేరు. ఈ మాట అతనికి నువ్వే చెప్పు, నేను చెప్పి అలసిపోయినాను.

ఇట్లు,
మీ అవ్వ ఎలీషబా


హైదరాబాదు,
21 జూన్ 2024

అవ్వకు ఫెబీ వందనాలు.

నీ రెండు ప్రశ్నలూ ప్రకాశరావు సారుకు చదివి వినిపించాను. "రెండోది నేను అడగాల్సింది, మీ అవ్వ అడిగింది" అన్నాడు.

మొదటిదానిలో తప్పు నాదే. జన్యువులు మారవు. తొందరలో అలా రాశాను. కంది కందిగానే ఉంటుంది, వండుకోవచ్చు. నువ్వు టీచరువి కాబట్టి నీ భాషలోనే చెబుతాను. మొక్క ఒంట్లో ప్రతి కణంలోనూ మొత్తం పుస్తకం ఉంటుంది. కానీ అన్ని పాఠాలూ ఒకేసారి తెరిచి ఉండవు. పుల్లని వాన పడితే ఆకు పైపొర దెబ్బతింటుంది. లోపల కాల్షియం కదులుతుంది. అది బడిగంట లాంటిది. గంట మోగగానే కొన్ని పాఠాలు తెరుచుకుంటాయి. లోపల పుట్టే విషాన్ని విరిచేది ఒకటి, కణం గోడను గట్టిపరిచేది ఇంకొకటి. పుల్లని మట్టిలో కరిగే అల్యూమినియాన్ని వేరు దగ్గరే కట్టిపడేసేది మరొకటి. ఏ పాఠం ఎంత తెరుచుకుందో ఆకును పరీక్షించి కొలవవచ్చు. నా పని అదే. మొక్క పారిపోలేదు కదా అవ్వా. నిలబడిన చోటే ఉపాయం వెతుక్కుంటుంది.

ఇక రెండోది. ఓర్పు నేర్పడం నా ఉద్దేశం కాదు. ఆకు మీద మచ్చ కనపడకముందే లోపల పాఠం తెరుచుకుంటుంది. పొగ వదిలేవాడు "పంట పచ్చగానే ఉంది కదా" అంటే, ఆ పచ్చని ఆకునే సాక్షిగా నిలబెట్టవచ్చు. అది చెయ్యగలిగితే చాలు నాకు.

వచ్చే శనివారం స్నేహితురాలి జీపులో క్యాన్లు తీసుకుని వస్తాను. ఎర్రమూత క్యాన్లలో పుల్లనీళ్ళు, తెల్లమూత క్యాన్లలో మామూలు నీళ్ళు. ఆ పులుపు నిమ్మరసం కంటే తక్కువ, చేతికి ఏమీ కాదు. వారానికొకసారి చల్లాలి. రెండు సాళ్ళకూ పురుగుమందు వద్దు, ఎరువు వద్దు.

ఇంకొక మాట. నవంబరులో నేను కమిటీ ముందు కూర్చోవాలి. పోయిన ఏడాది అద్దాల గదిలో నా మొక్కలు చచ్చిపోయాయని నీకు తెలుసు. ఇది నాకిచ్చిన రెండో అవకాశం. రెండు సాళ్ళ మధ్య తేడా చూపించలేకపోతే పరిశోధన ఆపించి పంపించేస్తారు. నీ మీద బరువు పెడుతున్నానని కాదు, దాచడం ఇష్టం లేక చెబుతున్నాను.

నాన్నకు నీ మాట చెప్పాను. నవ్వాడు. లేస్తాడని నమ్మకం లేదు.

నీ మనవరాలు,
ఫెబీ


కొనకనమిట్ల,
4 ఆగస్టు 2024

ఫెబీకి,

జవాబులు బాగున్నాయి. మొదటి దానికి పూర్తి మార్కులు. రెండోదానికి సాక్షిని నిలబెట్టిన తరువాత చూస్తాను.

నువ్వు గీత గీసి ఇచ్చినట్టే రెండు సాళ్ళూ మొలిచినాయి. నీళ్ళు చల్లేది హరిబాబు. మన వీధి చివరి ఇల్లు, కూలికి పోతాడు, నువ్వు చిన్నప్పుడు అతని భుజం మీదనే త్రిపురాంతకం తిరునాళ్ళు చూసినావు. ముందు తెల్లమూత, తరువాత ఎర్రమూత. మధ్యలో పట్టా అడ్డం కడతాము. ఒక సాలు చల్లినాక స్ప్రేయరు కడిగి, రెండో సాలుకు పోతాడు. కడిగేటప్పుడు నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. "పెద్దమ్మా, నువ్వు ఇట్ల చూస్తుంటే నాకు ఎక్కాలు అప్పజెప్పినట్టుంది" అంటాడు.

ఊళ్ళో మాత్రం కథ వేరే నడుస్తున్నది. బుధవారం స్త్రీల కూడికలో పాట అయిపోయిందో లేదో, ఎదురింటి మణెమ్మ అందరూ వినేటట్టు అడిగింది.

"అక్కా, నువ్వు కందికి ఆసిడ్ పోస్తున్నావంట?"

"నిమ్మకాయ పులుపంత కూడా లేదు, ఊరుకో" అన్నాను.

"అట్లయితే నాలుగు నిమ్మకాయలు పిండితే సరిపాయె గదా. హైదరాబాదు నుంచి జీపులో క్యాన్లు ఏంది?"

అందరూ నవ్వినారు. మణెమ్మకు బడి చదువు లేదు గాని ప్రశ్న అడగడం వచ్చు. వానలో ఉండే ఆమ్లం నిమ్మకాయలో ఉండే ఆమ్లం ఒకటి కాదని చెప్పినాను. నమ్మలేదు. ఈసారి కోతల పండుగకు నా కందులు గుడిలో కానుకగా పెట్టనిస్తారో లేదో చూడాలి.

ఒక వింత చెబుతాను. పుల్లనీళ్ళ సాలు దర్జాగా ఉంది. మామూలు నీళ్ళ సాలే నీరసపడింది. ఆకుల మీద తెల్లగా పిండి చల్లినట్టుంది. ఆ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు దిగులుపడవద్దు.

వేళకు తిను. క్యాన్లు తెచ్చినప్పుడు నీ మణికట్టు చూసినాను.

ఎలీషబా


హైదరాబాదు,
13 ఆగస్టు 2024

అవ్వా,

ల్యాబు నుంచి వచ్చి ఇప్పుడే కూర్చున్నాను. ఉత్తరం చిన్నదని కోప్పడకు.

మణెమ్మ పెద్దమ్మకు చెప్పు, నిమ్మకాయలతో కూడా ఒక ప్రయోగం చేద్దాం, ఆమె పేరు మీద.

మామూలు నీళ్ళ సాలు నీరసంగా ఉందన్నావు. వాన పడటం లేదు కదా, అందుకే అయ్యుంటుంది. రెండు సాళ్ళకూ సమానంగా తడి ఇవ్వు. నువ్వు చూసుకుంటానన్నావు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. నాకు తెలిసినవాళ్ళలో నీ అంత కచ్చితంగా పని చేసేవాళ్ళు లేరు.

సెప్టెంబరులో వచ్చి ఆకులు కోసుకుంటాను.

ఫెబీ


కొనకనమిట్ల,
20 సెప్టెంబరు 2024

ఫెబీకి,

నువ్వు వచ్చిపోయిన సంగతి ఇంకా నాకు నమ్మకం కలగడం లేదు. బస్సు దిగినావు, చేతికి తొడుగులు వేసుకున్నావు. చిన్న చిన్న సీసాల్లో మందునీళ్ళు పోసి ఆకుముక్కలు ముంచినావు. ఐసు పెట్టెలో సర్దినావు, బస్సెక్కినావు. నేను నాటుకోడి చేసి, రాగిసంకటి కెలికి పెట్టినాను. "ఆకులు పాడైపోతాయి అవ్వా" అన్నావు. సంకటి పాడు కాదా? హరిబాబు కూర్చుని తిన్నాడు. ఐసు పెట్టెకు ఎండ తగలకుండా గొడుగు పట్టినందుకు అతనికి న్యాయమే.

రెండు సాళ్ళూ ఒకదానికొకటి తీసిపోకుండా ఉన్నాయని నువ్వే అన్నావు. ఆ మాట నాకు తృప్తి. ఒక పిల్లవాడు జ్వరంతో పరీక్ష రాస్తే ఆ మార్కులకు విలువ ఉండదు.

ఒక సందేహం. పుస్తకం తెరిచిన ప్రతివాడూ పాఠం నేర్చుకున్నట్టు కాదు గదా? ఆకులో పాఠం తెరుచుకుంది సరే. దానివల్ల మొక్కకు మేలు జరిగిందని నీకు ఎట్ల తెలుస్తుంది? ఈ ప్రశ్న కమిటీవాళ్ళు అడుగుతారు. ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

ఎలీషబా


హైదరాబాదు,
18 అక్టోబరు 2024

అవ్వా,

ఫలితాలు వచ్చాయి. బాగాలేవు.

పుల్లనీళ్ళ సాలులో తెరుచుకోవలసిన పాఠాలన్నీ తెరుచుకున్నాయి. నేను అనుకున్నట్టే. కానీ మామూలు నీళ్ళ సాలులో కూడా దాదాపు అన్నీ తెరుచుకున్నాయి. అసలు అక్కడ మూసి ఉండాలి. అవి మూసి ఉంటేనే ఇవి తెరుచుకున్నాయని చెప్పగలను. రెండూ ఒకేలా ఉంటే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. మళ్ళీ పరీక్ష చేశాను. అదే వచ్చింది.

నిన్ను అనుమానించడం లేదు. కానీ నువ్వు స్ప్రేయరు పట్టలేదు కదా. హరిబాబు మామ ఎప్పుడైనా మూతలు తారుమారు చేశాడేమో. లేదా ఎర్రమూతవి ముందుగా అయిపోతే తెల్లమూతవి, తెల్లమూతవి అయిపోతే ఎర్రమూతవి వాడాడేమో. నువ్వు మార్కాపురం ఆసుపత్రికి వెళ్ళిన వారం అతనొక్కడే చల్లాడు. ఒకసారి గట్టిగా అడుగు. కమిటీ వచ్చే నెల ఇరవై రెండున. నిద్ర పట్టడం లేదు.

ఫెబీ


కొనకనమిట్ల,
24 అక్టోబరు 2024

ఫెబీకి,

గట్టిగా అడగమన్నావు. అడిగినాను. ఏం జరిగిందో చదువు.

హరిబాబు ఉదయాన్నే పాలు తెచ్చినాడు. వాకిట్లో నిలబెట్టి, ఎర్రమూత నీళ్ళు తెల్లమూత సాలుకు ఎప్పుడైనా పోసినావా అని అడిగినాను. అతను పాలచెంబు అరుగు మీద పెట్టినాడు.

"పెద్దమ్మా, ఎరుపూ తెలుపూ తెలియనంత గుడ్డోణ్ణా నేను?"

"తెలియక పోసినావని కాదు. పొరపాటున."

"నువ్వు ఆసుపత్రికి పోయినప్పుడు గూడా ముందు ఒకటి చల్లి, కడిగి, తర్వాత రెండోది చల్లినా. నువ్వు చూసినా చూడకపోయినా నేను అట్లనే చేసినా. పాపకు పనికొస్తదని చేసినా. కూలి గూడా సగమే తీసుకున్నా."

మణెమ్మ తన గడపలో నిలబడి అంతా విన్నది. సాయంత్రానికి ఊరంతా విన్నది. ఆ రోజు నుంచి హరిబాబు మన వాకిలి తొక్కలేదు. పాలు వాళ్ళ ఆమె తెచ్చి, మాట్లాడకుండా పోసి పోతున్నది.

ఇదంతా నీ ఉత్తరం చేసిన పని. అడిగింది నేనే కాబట్టి నా పని కూడా. క్యాన్లు మిగిలినవి మిగిలినట్టే ఉన్నాయి. రెండు రంగులవీ సమానంగా ఖర్చయినాయి. అతను తప్పు చేయలేదు. నేనూ చేయలేదు. నీ మిషన్లను ఒకసారి అనుమానించు. మనుషులను అనుమానించడం తేలిక, వాళ్ళు ఊళ్ళో ఉంటారు.

ఎలీషబా


హైదరాబాదు,
2 నవంబరు 2024

అవ్వా,

హరిబాబు మామ విషయంలో తప్పు చేశాను. ఫోన్ చేశాను. "ఏం లేదులే పాపా" అని పెట్టేశాడు. అలా అన్నప్పుడు ఏదో ఉన్నట్టే కదా.

మిషన్లు మంచివే. వేరే ల్యాబులో కూడా చేయించాను.

ఇక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అద్దాల గదిలో ఈ ఏడాది మళ్ళీ ఇదే విత్తనం, ఇదే మామూలు నీళ్ళతో పెంచిన మొక్కలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో పాఠాలన్నీ మూసే ఉన్నాయి. ఎలా ఉండాలో అలా. ఆ అంకెలను తెచ్చి ఊరి మామూలు సాలు స్థానంలో పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నిజానికి ఊళ్ళో కూడా అలాగే రావలసింది. ఏదో జరిగి రాలేదు, అంతే. ఉన్న నిజాన్నే చూపిస్తున్నాను. సారుకు కూడా చెప్పలేదు. నీకు ఎందుకు చెబుతున్నానో తెలియదు. బహుశా నువ్వు సరే అంటావని ఆశేమో.

పెరట్లో కందిని ఇక నువ్వు ఏం చేసుకున్నా పరవాలేదు.

ఫెబీ


కొనకనమిట్ల,
11 నవంబరు 2024

ఫెబీకి,

నేను సరే అనను. కారణం తరువాత చెబుతాను. ముందు జరిగింది చెబుతాను, ఎందుకంటే నీ సాలుకు ఏం జరిగిందో దొరికింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే మణెమ్మ తన మిరప కొమ్మ ఒకటి విరిచి పట్టుకొచ్చింది. ఆకుల నిండా తెల్లని బూడిద.

"అక్కా, నువ్వు నీ కందికి కొట్టినట్టు నేను గూడా దీనికి పుల్లమజ్జిగ కొట్టేదా? నీది చక్కగా నయమాయె గదా."

నేను నీ ఉత్తరం చేతిలో పట్టుకునే ఉన్నాను. అరుగు మీద కూర్చున్నాను. "ఏందక్కా, కళ్ళు తిరిగినాయా?" అని మణెమ్మ నీళ్ళు తెచ్చింది.

ఫెబీ, ఆగస్టులో మామూలు నీళ్ళ సాలుకు బూడిద తెగులు వచ్చింది. పుల్లనీళ్ళ సాలుకు రాలేదు. ఒక సాలు జబ్బుపడి, ఒక సాలు ఆరోగ్యంగా ఉంటే నీ పరీక్ష న్యాయంగా ఉండదనుకున్నాను. ఇద్దరు పిల్లలూ ఆరోగ్యంగా కూర్చుని రాయాలి. బాగా పులిసిన మజ్జిగను నీళ్ళలో కలిపి, వడగట్టి, నా చేతులతో నేనే ఆ సాలు మీద చల్లినాను. తెగులు పోయేదాకా చల్లినాను, పోయినాక కూడా మళ్ళీ రాకుండా చల్లినాను. నువ్వు ఆకులు కోయడానికి రెండు రోజుల ముందు కూడా.

నువ్వు పురుగుమందు వద్దన్నావు, ఎరువు వద్దన్నావు. మజ్జిగ ఆ రెండిటిలో ఏదీ కాదు. మన ఇళ్ళలో మజ్జిగ కొట్టని మొక్క లేదు. అన్నంలో పోసుకునేదాన్ని ఎవరు లెక్క రాస్తారు? ఏ రోజు ఎన్ని నీళ్ళు చల్లిందీ నీకు పంపిన కాగితంలో ఉంది, మజ్జిగ మాత్రం లేదు. నేను దాచలేదు. రాయాలని తోచలేదు. కానీ తోచకపోవడం జవాబు కాదు. పరీక్ష మధ్యలో పిల్లవాడికి నీరసంగా ఉందని టీచరు పలక అందుకుని తానే రాయకూడదు. ముందు నీకు రాసి అడగవలసింది. అడగలేదు.

పులిసిన మజ్జిగ కూడా ఆమ్లమే గదా? అయితే తెల్లమూత సాలు మామూలు సాలు ఎట్లయింది?

సాయంత్రం హరిబాబు ఇంటికి పోయినాను. అతను మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పినాను.

"తప్పు నాది. నేనే మజ్జిగ చల్లి పాడుచేసినా."

"నేను మార్చలేదని అప్పుడే చెప్పినా గదా పెద్దమ్మా. నమ్మకపోతివి."

"నమ్మినా. నమ్మి కూడా వాకిట్లో నిలబెట్టి అడిగినా. అది ఇంకా పెద్ద తప్పు."

అతను వాళ్ళ ఆమెను పిలిచి, "టీచరమ్మ తప్పు ఒప్పుకున్నది, బయటికి వచ్చి చూడు, మళ్ళా దొరకదు" అన్నాడు. ఆమె నవ్వింది. మరుసటి రోజు ఆదివారం, గుడిలో అందరి ముందు కూడా చెప్పినాను. అతన్ని అడిగింది నలుగురిలో కాబట్టి.

ఇప్పుడు నీ సంగతి. అద్దాల గది మొక్క అంకె తెచ్చి నా పెరటి మొక్క పేరున రాస్తే, దాన్ని మా బడిలో కాపీ అనేవాళ్ళము. రావలసిన జవాబే రాసినాను అని ప్రతి కాపీరాయుడూ అంటాడు. కాపీ కొట్టినవాణ్ణి నేను ఏం చేసేదాన్నో మీ నాయనను అడుగు. అతన్నీ చేసినాను.

పొగ వదిలేవాడి ముందు ఆకును సాక్షిగా నిలబెడతానన్నావు. ముందు నువ్వు నిలబడు. కమిటీ ముందు మజ్జిగ అని చెప్పు. ఎవరు చల్లినారంటే మా అవ్వ ఎలీషబా, ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైంది అని చెప్పు. వాళ్ళు నవ్వితే నవ్వనీ. పంపించేస్తే పంపించనీ. నువ్వు తలెత్తుకుని ఇంటికి వస్తావు, నేను సంకటి కెలుకుతాను, ఈసారి తింటావు.

ఎలీషబా


హైదరాబాదు,
25 నవంబరు 2024

అవ్వా,

చెప్పాను.

ముందు రోజు సారుకు అంతా చెప్పాను, అంకెలు మార్చాలనుకున్న సంగతి కూడా. "ఈ చివరిది చెప్పకుండా ఉండొచ్చు కదా" అన్నాడు. "మా అవ్వ ఉత్తరం మీ దగ్గర లేదు కాబట్టి అలా అంటున్నారు" అన్నాను.

కమిటీలో మజ్జిగ మాట వినగానే ఒక పెద్దాయన నవ్వి, పక్కాయనతో "వడియాలు కూడా పెట్టారేమో అడగండి" అన్నాడు. కానీ నువ్వు చెప్పినట్టే కూర్చోకుండా నిలబడే చెప్పాను. మజ్జిగలో పులుపు ఒక్కటే కాదు, సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. తెగులు దాడి చేసినప్పుడు ఆకు ఏ పాఠాలు తెరుస్తుందో, ఈ సూక్ష్మజీవులను చూసి కూడా అవే తెరుస్తుంది. పుల్లని వానకు తెరిచేవీ చాలావరకు అవే. అందుకే రెండు సాళ్ళూ ఒకేలా కనిపించాయి. ఇది నేను ముందే ఆలోచించవలసింది.

నెల్లూరు నుంచి వచ్చిన ఒక మేడమ్ నవ్వలేదు. "చాలావరకు అన్నారు. తెల్లమూత సాలులో లేకుండా ఎర్రమూత సాలులో మాత్రమే తెరుచుకున్నవి ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి అవ్వా. కొన్నే. తేడా లేదని ఏడుస్తూ కూర్చుని వాటిని సరిగా చూడనే లేదు. బహుశా వానలోని పులుపును మాత్రమే గుర్తుపట్టే పాఠాలు అవే కావచ్చు. మజ్జిగ ఎంత, ఎప్పుడు పడిందో కొలత లేదు కాబట్టి రుజువు అనడానికి లేదు. వెతకవలసిన చోటు మాత్రం తెలిసింది.

తెరిచినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు కదా అన్న నీ ప్రశ్న కూడా అడిగారు. నా దగ్గర జవాబు లేదు, వచ్చే పంటలో గింజ బరువు కూడా తూచి చూస్తాను అన్నాను. రాసుకున్నారు.

ఇంకొక పంటకు అవకాశం ఇచ్చారు. పంపించెయ్యలేదు.

ఒక షరతు పెట్టారు. ఇది రాయడానికి రెండు రోజులు ఆగాను. వచ్చే పంట మళ్ళీ మన వైపే వెయ్యాలి. కానీ నా బంధువుల భూమిలో కాదు, వాళ్ళ చేతుల మీదుగా కాదు. నువ్వు లేకపోతే ఈ మాత్రం కూడా వచ్చేది కాదని చెప్పాను. వినలేదు. నీకు కష్టంగా ఉంటే త్రిపురాంతకం వైపు ఎక్కడైనా చూస్తాను.

ఫెబీ


కొనకనమిట్ల,
3 డిసెంబరు 2024

చిరంజీవి ఫెబీకి,

ఉత్తరం గుడిమెట్ల మీద కూర్చుని చదివినాను. మణెమ్మకు వినిపించినాను. వడియాల దగ్గర ఆమె నవ్వింది, నేను నవ్వలేదు. తరువాత నవ్వినాను.

షరతు రాయడానికి రెండు రోజులు ఎందుకు ఆగినావు? నా మనవరాలి పేపరు నా చేత దిద్దించే బడి ఏదైనా ఉంటే, ఆ బడికి తాళం వేయమని నేనే అర్జీ పెట్టేదాన్ని. మీ కమిటీ ఈ పని జూన్‌లోనే చేయవలసింది. ఆలస్యంగా చేసినారు గాని సరిగ్గా చేసినారు. నాకు కష్టం లేదు.

త్రిపురాంతకం పోవద్దు. నా పెరటి గోడ అవతల నిత్యానందం గారి చేను ఉంది. మనకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు. గుడి కమిటీలో నేను ఔనన్నది ఆయన కాదంటాడు. ఎవరి మాటా వినడు, నా మాట అసలు వినడు. అంతకంటే తగిన మనిషి ఈ మండలంలో లేడు. పోయి అడిగినాను. ఒప్పుకునే ముందు నలుగురు వినేటట్టు ఒక మాట అడిగినాడు.

"టీచరుగారూ, మజ్జిగ కొట్టాలా, వద్దా?"

"కాగితంలో ఉన్నది చేయండి."

"కాగితంలో లేనిది వస్తే?"

"నా మనవరాలికి ఫోన్ చేయండి. నాకు చెప్పవద్దు."

చల్లేది హరిబాబే, ఈసారి పూర్తి కూలికి. అతను మన బంధువు కాడు కాబట్టి షరతుకు అడ్డం లేదు. అయినా మీ సారును ఒకసారి అడుగు. ఈసారి కాగితం మాత్రం సరిగ్గా రాయి. అది వద్దు ఇది వద్దు అని రాసుకుంటూ పోతే, నీకు తోచనిది మాకు మామూలు సంగతి అవుతుంది. ఈ నీళ్ళు తప్ప మరేదీ ఆకును తాకకూడదు అని ఒక్క ముక్క రాస్తే చాలు. జబ్బు చేసినా, చచ్చినా అని కూడా కలుపు. అది కలపకపోతే మా వాళ్ళ చేతులు ఊరుకోవు.

నా చేతుల సంగతి నాకు తెలుసు. గోడ అవతల ఆకు తెల్లబడితే నేను ఒక రోజు ఓర్చుకుంటాను, రెండో రోజు నిచ్చెన వేస్తాను. ఈ వయసులో చేతికి బుద్ధి చెప్పడం కంటే దాన్ని దూరంగా పెట్టడం తేలిక. అందుకని విత్తనం పడే రోజు నేను గిద్దలూరులో మీ హన్నా అత్త ఇంటికి పోతున్నాను. నువ్వు ఆకులు కోసుకుని, గింజలు తూచుకుని పోయినాకనే తిరిగి వస్తాను. హన్నాకు చెప్పినాను. అంత కాలం నన్ను భరించడానికి ఇప్పటి నుంచే ప్రార్థన చేసుకుంటానన్నది.

అప్పటి నుంచి ఉత్తరాలు గిద్దలూరుకు రాయి. నీ తిండి గురించి రాయి, నిద్ర గురించి రాయి, మీ నాయన ఆదివారాల గురించి రాయి. కంది ఎట్ల ఉందో మాత్రం ఒక్క ముక్క రాయవద్దు. నేను అడిగినా సరే.

మీ అవ్వ,
ఎలీషబా